ఎవరి మోకాళ్ళకి లిఫ్టు?

మా ఇంట్లో లిఫ్టు పెట్టారు. 130 గజాల స్థలంలో 1996లో మామయ్యగారు కట్టించిన ఇల్లు. కింద హాలు, వంటిల్లు, ముందు పోర్టికో. పైన పడకగదులు. ఆ పైన డాబా, డాబా మీద ఒక చిన్న గది, నీళ్ళ ట్యాంకు. ఇంత చిన్న ఇంట్లో లిఫ్టేమిటని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. ఇప్పుడు చిన్న ఇళ్ళకోసమే చేసిన లిఫ్టులు వచ్చాయి. మూడడుగుల చదరం చోటు, కాస్త అటూ ఇటూగా, సరిపోతుంది. పెద్ద లిఫ్టుకిలాగా నిలువెత్తు గొయ్యి తవ్వక్కర్లేదు, జానెడు లోతు గుంత చాలు. డాబా మీద మిషను గది అక్కర్లేదు. ఇంటికొచ్చే మామూలు సింగిల్ ఫేజ్ కరెంటు మీదే నడుస్తుంది.

ముందే చెప్తున్నాను, ఈ వ్యాసం లిఫ్టుకి వ్యతిరేకం కాదు. మెట్లెక్కలేని మనిషికి లిఫ్టు విలాసం కాదు, అవసరం. నా పేచీ వేరే. ఆ అవసరం ఎవరికి వచ్చినప్పుడు అవసరంగా కనిపిస్తుంది? దానికి చోటు ఎవరి దగ్గర్నుంచి తీసుకుంటారు? వచ్చాక అందులో ఎవరు ఎక్కుతారు? ఇవి మా ఇంటి గొడవలే. కానీ వ్యక్తిగతమైనదంతా రాజకీయమేనని ఇన్నేళ్ళుగా రాస్తూ వస్తున్న మనం, మన ఇంటి గొడవ దగ్గరికి వచ్చేసరికి మర్యాద కోసం నోరు మూసుకుంటే ఎలా?

ముందు మోకాళ్ళ సంగతి చెప్తాను.

2008లో అత్తయ్యకి మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందని డాక్టరు ఎక్స్‌రే చూపించి చెప్పాడట. మెట్లెక్కడం తగ్గించమన్నాడట. ఎలా తగ్గించాలో మాత్రం చెప్పలేదు. వంటిల్లు కింద, పడక పైన, బట్టల దండెం డాబా మీద. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చింది 2014లో. అప్పటికి ఆవిడ ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి, గోడ పట్టుకుని, మధ్యలో ఆగి ఎక్కేది. ఆగినప్పుడు ఎవరైనా చూస్తే పైట సర్దుకుంటున్నట్టు నటించేది. నొప్పి ఉందని ఒప్పుకుంటే ముసలిదైపోయిందంటారని భయమో, నొప్పి పేరు చెప్పి పని తప్పించుకుంటోందంటారని భయమో! మన అమ్మలందరికీ వచ్చిన నటనే అది.

ఒకరోజు కాగితం మీద లెక్క వేశాను. కింది నుంచి డాబా దాకా 34 మెట్లు. ఒక్కోటి ఏడంగుళాల ఎత్తు. అత్తయ్య రోజుకి తక్కువలో తక్కువ ఎనిమిదిసార్లు ఎక్కుతుంది. అంటే 272 మెట్లు. ఏడాదికి లక్షకి కాస్త తక్కువ. ఎత్తులో చెప్పాలంటే ఏడాదికి రెండు ఎవరెస్టులకి కాస్త తక్కువ. ఇల్లు కట్టిన నాటినుంచి 2022 దాకా 25 లక్షల మెట్లు దాటాయి. ఉత్త చేతుల్తో కాదు. తడిబట్టల బకెట్‌తో, ఎండబెట్టే మిరపకాయలతో, వడియాల పిండితో, మంచినీళ్ళ బిందెతో. మెట్టెక్కేటప్పుడు మోకాలి మీద పడే భారం ఒంటి బరువుకి దాదాపు మూడింతలు ఉంటుంది. చేతిలో బరువు ఉంటే ఇంకా ఎక్కువ. మోకాళ్ళ అరుగుదల మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో, అందులోనూ ముట్లుడిగాక, ఎక్కువని వైద్యులు ఎప్పటినుంచో చెప్తున్నదే.

ఇంతకీ ఆ పద్నాలుగేళ్ళలో అత్తయ్యకి ఇంట్లో దొరికిన వైద్యం ఏమిటి? బరువు తగ్గమనే సలహా, రాసుకోవడానికి నూనె, పొద్దున్నే వాకింగుకి వెళ్ళమనే బోధ. ఇంట్లోనే ఎవరెస్టు ఎక్కే మనిషికి వాకింగు! కింద హాల్లో ఒక మంచం వేసుకుని పడుకుంటానని ఆవిడ ఒకసారి అడిగింది. వచ్చేపోయేవాళ్ళుండే హాల్లో ఆడమనిషి పడుకుంటుందా అన్నారు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

2022లో మామయ్యగారు స్నానాలగదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయ్యి ఇంటికొచ్చేసరికి హాల్లో మంచం సిద్ధంగా ఉంది. మగమనిషి హాల్లో పడుకోవచ్చు. మూడు వారాలు తిరిగేసరికి డల్లాస్ నుంచి మా మరిది లిఫ్టుల ఫోటోలు పంపడం మొదలుపెట్టాడు. సగం డబ్బు తను పెడతానన్నాడు. ‘నాన్నగారు ఎన్నాళ్ళని హాల్లో ఉంటారు?’ అని అందరూ అన్నారు. న్యాయమైన ప్రశ్న. మామయ్యగారు మంచిమనిషి. ఆయన బాధ నిజమైన బాధ. కానీ ఒక మోకాలికి పద్నాలుగేళ్ళు కనిపించని దారి ఒక తుంటికి మూడు వారాల్లో ఎలా కనిపించింది? డబ్బు లేక కాదు. ఈ మధ్యలోనే కారు మార్చారు, పోర్టికోలో గ్రానైట్ వేయించారు.

ఇక్కడ ఎవరూ దుర్మార్గులు కారు. అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది. మగవాడి శరీరం పనిచెయ్యకపోతే అది ఇంటికి వచ్చిన ఆపద. ఆడదాని శరీరం అరిగిపోతే అది వయసు. ఆపదకి ఖర్చు పెడతారు. వయసుకి నూనె రాస్తారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ర్యాంపుల గురించి, లిఫ్టుల గురించి మాట్లాడుతుంది. కానీ అది మాట్లాడేది ప్రజలు వాడే భవనాల గురించి. సొంత ఇంటి గడప దగ్గర ఆగిపోతుంది. గడప లోపల ఎవరి నొప్పి నొప్పిగా చెల్లుతుందో కుటుంబమే తేలుస్తుంది. కుటుంబం అంటే ఎవరో మనకి తెలుసు.

తర్వాత చోటు సంగతి.

లిఫ్టు కంపెనీ నుంచి ఒక కుర్రాడు టేపు పట్టుకుని వచ్చాడు. ఇల్లంతా కొలిచాడు. ఎక్కడపడితే అక్కడ స్లాబు కొయ్యడానికి లేదు, బీములు తగలకూడదు, స్ట్రక్చరల్ ఇంజినీరుకి చూపించాలి అన్నాడు. చివరికి రెండు చోట్లు తేలాయి. ఒకటి పోర్టికో మూల. అక్కడ పెడితే కారు పట్టదు. రెండోది ఇంటి వెనకవైపు. కారు పట్టకపోతే ఎలా అనుకుని అరగంటలో రెండోదానికి నిర్ణయం అయిపోయింది.

ఆ రెండోచోటు ఏమిటో చూడండి. కింద, వంటింటి వెనక అంట్లు తోమే చోటు. పనిచేసే ఆవిడ పీట వేసుకుని కూచునేదీ, పనయ్యాక టీ తాగేదీ అక్కడే. దాని మీద, మొదటి అంతస్తులో, మెట్లు తిరిగే దగ్గర కిటికీ పక్కన నా బల్ల. దానిమీద, డాబా గదిలో, అత్తయ్య ఊరగాయ జాడీలు, కుట్టుమిషను, ఆవిడ పుట్టింటినుంచి తెచ్చుకున్న ట్రంకుపెట్టె. మధ్యాహ్నం పూట ఎవరికీ కనపడకుండా ఆవిడ కాసేపు నడుం వాల్చేది ఆ గదిలోనే. కింది నుంచి పైదాకా ఒక గీత గీస్తే ఆ ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళకి ఉన్న మూడు మూలలూ దానిమీద ఉన్నాయి. ఆ కుర్రాడికి మా ఇంటి సంగతులేం తెలుసు? బీములు ఎక్కడ లేవో చూశాడు, అంతే. ఆడవాళ్ళ మూలలు ఎప్పుడూ బీములు లేని చోటే ఉంటాయి. ఇల్లు దేనిమీదా ఆనుకోని చోటు, తీసేసినా ఎవరికీ ఏమీ కాదనుకునే చోటు.

నా బల్ల గురించి ఒక మాట. నేను తెలుగు స్త్రీల కథల్లో ఇంటి గురించి డాక్టరేటు చేశాను. ఆ సిద్ధాంత గ్రంథంలో ఎక్కువభాగం ఆ బల్లమీదే రాశాను, మెట్లెక్కి దిగేవాళ్ళు మోచెయ్యి తగిలిస్తూ పోతుంటే. వర్జీనియా వుల్ఫ్ 1929లోనే స్త్రీకి తనదైన గది కావాలన్నది. నాకు గది లేదు. రెండున్నర అడుగుల బల్ల ఉంది. దాన్ని తీసి లిఫ్టు పెడతామంటే మొదట నాకు నవ్వొచ్చింది. తర్వాత, చదువుకున్న కోడలు ముసలాయన కష్టం చూడకుండా బల్లకోసం పోట్లాడుతోందని అంటారేమోనని సిగ్గేసింది. ఆ సిగ్గు ఎక్కడిదో తెలిసినదాన్నే. అయినా రెండురోజులు మాట్లాడలేకపోయాను.

మూడోరోజు అన్నాను, అక్కడ వద్దని. నా సహచరుడు ఎంతో శాంతంగా, ‘నీ బల్ల ఇంకోచోట వేసుకోవచ్చు కదా?’ అన్నాడు.

‘కారు ఇంకోచోట పెట్టుకోవచ్చు కదా?’ అన్నాను.

‘రోడ్డుమీద పెడితే గీతలు పడతాయి.’

ఇంతకంటే స్పష్టంగా ఎవరూ ఎప్పుడూ నాతో మాట్లాడలేదు. అప్పుడు, ఇన్నేళ్ళలో ఎవరిమాటకీ ఎదురుచెప్పని అత్తయ్య వంటింట్లోంచి అంది: ‘అంట్లచోటు తీసేస్తే అంట్లు మీ హాల్లో తోమిస్తాను, చుట్టాలు చూస్తుండగా.’ ఆ ఒక్కమాటతో లిఫ్టు పోర్టికోలోకి వెళ్ళింది. నా డాక్టరేటు చెయ్యలేని పని అది. కారు ఇప్పుడు సందులో కవరు కప్పుకుని ఉంటుంది. గీతలు పడ్డాయి. ఎవరూ చావలేదు.

2023లో లిఫ్టు నడవడం మొదలైంది. మామయ్యగారు వాకరుతో అందులో నిలబడతారు, పక్కన అత్తయ్య. కరెంటు పోతే బ్యాటరీమీద దగ్గరి అంతస్తుకి వెళ్ళి తలుపు తెరుచుకుంటుంది. మామయ్యగారు హాలు వదిలి తన గదికి వెళ్ళిపోయారు. అందరం సంతోషించాం. నేనూ సంతోషించాను.

ఒక నెల పోయాక మళ్ళీ లెక్క వేశాను. అత్తయ్య ఎక్కే మెట్లు దాదాపు సున్నా. కానీ పైకీ కిందికీ తిరగడం రోజుకి ఎనిమిదిసార్ల నుంచి పద్నాలుగుకి పెరిగింది! ‘లిఫ్టుందిగా’ అన్నది కొత్త ఊతపదం. లిఫ్టుందిగా, కాఫీ పైకి పంపించు. లిఫ్టుందిగా, భోజనం గదిలోకే తెచ్చెయ్యి. మెట్లున్నప్పుడు ఆవిడ నొప్పి చూసైనా ఒకటి రెండు పనులు మానుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ మొహమాటం కూడా పోయింది. మెట్లు తగ్గాయి, చాకిరీ పెరిగింది. ఇంటి యంత్రాలు వచ్చినకొద్దీ గృహిణి పని తగ్గకపోగా పెరిగిన తీరు గురించి అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్జ్ కోవన్ 1983లోనే పుస్తకం రాసింది. నేను దాన్ని సెమినార్లలో ప్రస్తావించినదాన్నే. మా ఇంట్లో లిఫ్టు తలుపు తెరుచుకునే దాకా దాని అర్థం నాకు తెలియలేదు.

2024లో మన ప్రభుత్వం చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు జీతంలేని ఆ పనికి పెడుతున్నారు. నిమిషాలైతే లెక్క తేలాయి. ఆ నిమిషాల్లో ఎన్ని మెట్లున్నాయో, ఎన్ని కిలోలు మోశారో ఏ సర్వే చెప్పాలి? అది సాహిత్యం చెయ్యాల్సిన పని. మనం వంటింటి గురించి గొప్పగా రాశాం. విమల ‘వంటిల్లు’ చదివాక తెలుగులో వంటింటిని ఎవరూ మునపటిలా చూడలేకపోయారు. కానీ మెట్ల గురించి రాశామా? నా సిద్ధాంత గ్రంథం తీసి చూసుకున్నాను. వంటింటికి ఒక అధ్యాయం, పడకగదికి ఒక అధ్యాయం, గడపకి, కిటికీకి తలా కొన్ని పేజీలు. మెట్లకి ఒక్క పేరా కూడా లేదు. ఆ మెట్ల పక్కనే కూచుని, ఎక్కే అడుగులు వింటూ రాసిన గ్రంథం అది! ఇల్లు కట్టే తీరులోనే స్త్రీల శ్రమ దాగి ఉందని, ఆ ఇళ్ళనే మార్చాలని పోరాడిన స్త్రీల చరిత్రని డొలోరెస్ హేడెన్ 1981లో రాసింది. మనం మాత్రం ఇంటిని ప్రతీకగా చదవడం నేర్చుకుని, సిమెంటుగా చదవడం మరిచిపోయాం.

ఇక్కడితో ఆపితే ఈ వ్యాసం నాకూ అత్తయ్యకీ విజయగాథ అవుతుంది. ఆపడానికి వీల్లేదు. అసలు సంగతి ఇప్పుడు చెప్పాలి.

లిఫ్టు వచ్చిన మొదటివారం. పనిచేసే ఆవిడ తడిబట్టల బకెట్ తీసుకుని లిఫ్టు దగ్గర నిలబడింది. ‘తడి బకెట్‌తో ఎక్కితే లోపలంతా పాడైపోతుంది, మెట్లమీంచి వెళ్ళవే’ అంది అత్తయ్య. ఆవిడ మెట్లెక్కింది. 34 మెట్లు. నా బల్ల పక్కనుంచే వెళ్ళింది, మోచెయ్యి తగలకుండా ఒదిగి. ఆవిడ ఊపిరి నాకు వినిపించింది. నేను తల ఎత్తలేదు. ఒక వ్యాసం పంపాల్సిన గడువు దగ్గరపడింది మరి. స్త్రీల శ్రమ గురించే ఆ వ్యాసం.

తర్వాత నేను అత్తయ్యతో పోట్లాడాను. చాలా రోజులు పోట్లాడాను. చివరికి ఒక రాజీ కుదిరింది. ఏం రాజీయో వినండి: బకెట్ లిఫ్టులో వెళ్తుంది, ఆవిడ మెట్లమీద వెళ్తుంది. పైన తలుపు తీసి బకెట్ అందుకుంటుంది. అంటే తడి అడ్డం కాదు. అడ్డం మనిషే.

అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ తన మాంటిచెల్లో ఇంట్లో, భోజనాల గది పొయ్యికి రెండుపక్కలా సీసాలు పైకి వచ్చే చిన్న లిఫ్టులు పెట్టించుకున్నాడు. కింద నేలమాళిగలో బానిసలు వైన్ సీసా పెడితే పైన అతిథుల మధ్యకి సీసా వస్తుంది, మనిషి రాదు. మనుషులంతా సమానమని స్వాతంత్ర్య ప్రకటన రాసిన చెయ్యి అది. రెండొందల ఏళ్ళు దాటాక, హైదరాబాదులో ఒక స్త్రీవాది ఇంట్లో, అదే లిఫ్టు మళ్ళీ తయారైంది.

మా ఇంటికి మాత్రమే పట్టిన తెగులు కాదిది. పనివాళ్ళు సర్వీస్ లిఫ్టే వాడాలన్న బోర్డు లేని పెద్ద అపార్ట్‌మెంటు మన నగరాల్లో ఎన్ని ఉన్నాయి? పనిమనుషులు, డెలివరీ కుర్రాళ్ళు మెయిన్ లిఫ్టు ఎక్కితే వెయ్యి రూపాయల జరిమానా అంటూ 2023లో హైదరాబాదులోనే ఒకచోట అంటించిన కాగితం ఫోటో మీరూ చూసే ఉంటారు. పేరు శుభ్రత, భద్రత. లోపల ఉన్నది కులం. ఊళ్ళో బావి దగ్గర ఉన్నది ఇక్కడ బటన్ దగ్గరికి వచ్చింది. మీ వంటింట్లో పనిచేసేది ఎవరని దళిత స్త్రీలు సవర్ణ స్త్రీవాదుల్ని అడిగి పాతికేళ్ళు దాటింది. గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చింది 2003లో. అది నా బల్లమీద ఉంది. అండర్‌లైన్లు కూడా ఉన్నాయి!

నేను ఆవిడనే అడిగాను: ‘అక్కా, నువ్వెందుకు ఎక్కవు? నేనున్నాగా.’ ఆవిడ నవ్వింది. ‘నాకేం గాదమ్మా, నేను మెట్లెక్కుత. నీ ముంగట ఎక్కుత, నువ్వు కాలేజీకి పోయినంక మాటలు పడేది నేనే గద.’ తర్వాత ఇంకోమాట అంది. ‘మా ఇంటాయన కాలు ఇరిగినప్పుడు మాకు ఇల్లే మూడో అంతస్తుల ఉండె. నేనూ నా కొడుకూ ఎత్తుకుని దింపినం.’ ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

అత్తయ్యని దోషిగా నిలబెట్టడం తేలిక. పాతిక లక్షల మెట్లెక్కిన మనిషికి ఇంకొకరి మోకాళ్ళు ఎందుకు కనపడవు? పితృస్వామ్యం ఆవిడకి అధికారం ఇవ్వలేదు, తాళంచెవుల గుత్తి ఒకటి ఇచ్చింది. ఇంటికి ఎవరు ఎంత దూరం రావాలో చూసే కాపలా పని అది. ఆవిడ ఆ పని చేస్తోంది. నేను కాపలాకి నా చదువు జోడించాను. తల ఎత్తకపోవడం కూడా కాపలాయే.

ఇప్పుడు ఆవిడ కొన్నిరోజులు లిఫ్టెక్కుతుంది, కొన్నిరోజులు ఎక్కదు. అత్తయ్య ఊళ్ళో లేనప్పుడు ఎక్కుతుంది. నా పోట్లాట నడుస్తూనే ఉంది. ఇది మార్పు అని చెప్పుకునే ధైర్యం నాకు లేదు.

ఈ పత్రిక చదివే మనలో చాలామందికి వయసు మళ్ళుతున్న తల్లిదండ్రులున్నారు, రెండంతస్తుల చిన్న ఇళ్ళున్నాయి. లిఫ్టు మాట రేపో మాపో మీ ఇంట్లోనూ వస్తుంది. వచ్చినప్పుడు ధర, రంగు, గాజు తలుపా స్టీలు తలుపా అన్న చర్చకి ముందు కొన్ని అడగండి. ఇంతకాలం ఈ మెట్లు ఎక్కువగా ఎక్కింది ఎవరు? వాళ్ళ నొప్పి మొదలైంది ఏ సంవత్సరం? లిఫ్టుకి తీసే చోటు ఎవరిది? వాళ్ళని అడిగారా? తలుపు వెడల్పెంత? చక్రాల కుర్చీ వెడల్పు దాదాపు 65 సెంటీమీటర్లు ఉంటుంది. తలుపు కనీసం 80 లేకపోతే రేపు కుర్చీలోకి వచ్చిన మనిషికి అది అలంకారమే. కుర్చీ తోసేవాళ్ళకీ లోపల చోటుందా? తోసేది ఎవరో మనకి తెలుసు కాబట్టి ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. లిఫ్టు వచ్చాక కాఫీ తీసుకెళ్ళే మనిషి మారతారా, అదే మనిషి ఇంకా ఎక్కువసార్లు తీసుకెళ్తుందా? ఇంట్లో పనిచేసేవాళ్ళు అందులో ఎక్కుతారని మొదటిరోజే, అందరిముందూ, గట్టిగా చెప్పారా? నేను చెప్పలేదు. మొదటిరోజు చెప్పని మాట తర్వాత రోజూ చెప్పాల్సి వస్తోంది.

మా లిఫ్టులో బటన్ల పక్కన చిన్న రేకు ఒకటి బిగించి ఉంది: 3 మంది, 204 కిలోలు. మన దేశంలో లిఫ్టు లెక్కకి మనిషంటే 68 కిలోలు. మామయ్యగారు 68. అత్తయ్య 68. నేను 68. బకెట్ పట్టుకుని మెట్లెక్కుతున్న ఆవిడ కూడా 68. ఆ రేకుకి ఇంకే తేడా తెలియదు. రోజూ ఆ రేకు ముందు నిలబడి ఎక్కే మాకు తెలుసు.